చేతులు కాలకముందే ఆకులు పట్టుకుందాం: పెరటి కోళ్లు, కడుపులో పురుగులు, నా పాత పోస్టు



ఈ పోస్టు కొంచెం పెద్దది. ఓపిగ్గా చివరిదాకా చదవండి. నేను చెప్పిన తప్పు ఒకటి నేనే దిద్దుకోవాలి కాబట్టి ఇంత రాయాల్సి వస్తోంది.

రెండేళ్ల కిందట ఇదే పేజీలో కోళ్ల గురించి ఒక పోస్టు పెట్టాను. వేపాకు, పసుపు, వెల్లుల్లి నూరి ఉండలు చేసి నెలకోసారి మింగిస్తే కోడికి ఏ పురుగూ రాదు, వచ్చినా పోతుంది, ఇంగ్లీషు మందుతో పనే లేదు అని రాశా. మామూలుగా నేను ఏది రాసినా చదివేది వంద మందో రెండొందల మందో. ఆ ఒక్క పోస్టు మాత్రం ఎక్కడెక్కడికో పోయింది. ఎవరో రాసిందనుకుని మా చుట్టాలే దాన్ని తిరిగి నాకే వాట్సాప్‌లో పంపించారు. దాచుకోవడం దేనికి, నాకూ లోపల కాస్త గర్వంగానే ఉండింది.

పోయిన వానాకాలంలో ఆ గర్వం దిగింది.

మా ఊళ్లో ఒకామె ఉంది, వరసకి నాకు వదినె. భర్త పోయి ఆరేళ్లయింది. ఉన్న అరెకరం కౌలుకిచ్చి, కూలికి పోతూ, కోళ్ల మీద వచ్చే నాలుగు రూపాయలతో ఇల్లు గడుపుకుంటుంది. మూడు పెట్టలకి పొదగేస్తే 34 పిల్లలు లేచాయి. సంక్రాంతి నాటికి పుంజులు చేతికొస్తాయని లెక్క వేసుకుంది. పిల్లలు నెల రోజులవి అయ్యేసరికి ముసురు పట్టింది. వారం పాటు ఎండ మొహం లేదు. పిల్లలు రెక్కలు వాల్చి, మూలకు పోయి ముడుచుకోవడం మొదలుపెట్టాయి. వాళ్లబ్బాయి ఫోన్లో నా పోస్టు తీసి చూపించాడంట. ఉండలు చేసి వేసింది. మరునాటికి మూడు పోయాయి. అప్పుడు నా దగ్గరకొచ్చి అడిగింది. "పని చెయ్యడానికి రెండు మూడు రోజులు పడుతుంది వదినా, ఆపకుండా వెయ్యి" అన్నా. నేను పోయి చూడలేదు. రెట్ట ఎలా ఉందని అడగలేదు. మిరప నారు హడావిడిలో ఉన్నా.

నాలుగో రోజు పోయి చూస్తే గంప కింద పరిచిన గోతం మీద రెట్టంతా నెత్తురు. 34లో 9 మిగిలాయి.

అది రక్త పారుడు రోగం. డాక్టర్లు కాక్సిడియోసిస్ అంటారు. ఆ రోజే చచ్చిన పిల్లని సంచిలో వేసుకుని పశువుల ఆసుపత్రికి పోయాను. డాక్టరు గారు కోసి చూపించారు, పేగు చివరి సంచులు రెండూ గడ్డ కట్టిన నెత్తురుతో నిండిపోయి ఉన్నాయి. మొదటి రోజే వచ్చి ఉంటే చాలా మటుకు నిలబడేవి అన్నారాయన.

వదినె నన్ను ఒక్క మాట అనలేదు. "నీకు మాత్రం ఏం తెలుసు మరిదీ" అంది. అంతే. తిట్టినా బాగుండేది.

ఆ తర్వాత ఈ ఏడాదంతా నేను కోళ్ల పురుగుల సంగతే పట్టుకున్నా. డాక్టరు గారిని విసిగించా, పుస్తకాలు చదివా, మా పెరట్లో పరీక్ష పెట్టి చూశా. అందులో మనందరికీ పనికొచ్చేది ఇక్కడ రాస్తున్నా.

ముందు నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తా. సహజ పద్ధతి మంచిదే. కానీ జబ్బు చేశాక ఆకు నూరి పోస్తే అది సహజ పద్ధతి అయిపోదు. గూడు, నేల, మేత చూసుకుని జబ్బుని గడప బయట ఆపడమే అసలు సహజ పద్ధతి. ఆకుకి పని ఉంది, కాదనను. ఆ పని కోడి కడుపులో కన్నా గూట్లోనూ, కోడి ఒంటి మీదా ఎక్కువ. కడుపులో పురుగు ముదిరినాక, నెత్తురు పడ్డాక మందే దిక్కు. మొదటి ముక్క చెప్పి రెండో ముక్క చెప్పనివాడు, నాతో సహా, మీ కోళ్లకి కీడు చేస్తున్నట్టే.

"మా తాతల కాలంలో మందులున్నాయా, కోళ్లు బతకలేదా?"

ఈ మాట మీరు అంటారని తెలుసు. నేనే పదిసార్లు అన్నా. కోడి పందెం మీద యుద్ధమే జరిగిందని చెప్పుకునే పల్నాడు మాది. కోడి మనకు కొత్త కాదు. కానీ తాతల కాలం పెరడు ఎలా ఉండేదో ఒక్కసారి గుర్తు చేసుకోండి.

ఇంటికి ఐదారు పెట్టలు, ఒక పుంజు. పొద్దున గంప ఎత్తితే ఊరంతా తిరిగేవి. ఒకే చోట రెట్ట వేసి, అదే చోట గింజ ఏరుకునే పని లేదు. ప్రతి ఇంట్లో కట్టెల పొయ్యి. పొయ్యిలో బూడిద తీసి పెరట్లో ఒక మూల పోసేవాళ్లు. మధ్యాహ్నం కోళ్లన్నీ ఆ బూడిదలో పొర్లేవి. పేను నిలిచేది కాదు. వారానికోసారి మట్టి గోడలు, నేల పేడతో అలికేవాళ్లు, నెర్రెలు పూడిపోయేవి. పండక్కి సున్నం కొట్టేవాళ్లు. పొదిగే బుట్టలో మా అమ్మ ఇసుక, బూడిద, వేపరెబ్బలు వేసి, పైన గడ్డి పరిచి, ఒక ఇనపముక్క పెట్టేది. ఇనపముక్క ఉరుముకి గుడ్లు చెడిపోకుండా అనేది. దాని సంగతి ఏమో గానీ మిగతా మూడూ పేనుకి విరుగుడే.

ఇప్పుడో? గ్యాస్ పొయ్యి వచ్చింది, బూడిద పోయింది. పెరడంతా సిమెంటు. పక్కింటివాడితో గొడవ ఎందుకని వల కట్టి, పది సెంట్లలో యాభై కోళ్లు. అక్కడే తినాలి, అక్కడే రెట్ట వెయ్యాలి. అసలు సహజమైనవన్నీ మనమే తీసేసి, చివర్లో నాలుగు వేపాకులు వేసి సహజ పద్ధతి అంటున్నాం. ఇంకో మాట. తాతల కాలంలోనూ కోళ్లు చచ్చేవి. దిష్టి అనేవాళ్లు, గాలి సోకింది అనేవాళ్లు. లెక్క రాసుకున్నవాళ్లు లేరు, అంతే.

కడుపులో ఉండేవి మూడు రకాలు

ఈ మూడింటికీ దారి వేరు. ఏది ఎలా వస్తుందో తెలియకుండా మూడింటికీ ఒకే ఆకు వేస్తే ప్రయోజనం లేదు.

మొదటిది ఏలిక పాములు. తెల్లగా రెండు మూడు అంగుళాల పొడవుంటాయి. మూడు నెలల లోపు పిల్లలకి వీటితో ముప్పు ఎక్కువ. మేత తింటాయి గానీ ఒళ్లు పట్టదు, రొమ్ము ఎముక కత్తిలా తేలుతుంది. జుట్టు పాలిపోతుంది. ఎక్కువైతే పేగే మూసుకుపోతుంది. పురుగు పెట్టిన గుడ్లు రెట్టతో బయట పడతాయి. పడగానే అవి ఇంకో కోడికి అంటవు. తడి, వెచ్చదనం ఉంటే దాదాపు రెండు వారాల్లో అంటించే దశకి వస్తాయి. నీడలో, చెమ్మ నేలలో నెలల తరబడి బతికి ఉంటాయి. గట్టి ఎండకి, పొడికి చచ్చిపోతాయి.

రెండోది బద్దె పురుగులు. రెట్ట మీద బియ్యపు గింజల్లాంటి తెల్ల ముక్కలు కనిపిస్తే ఇవే. ఇవి కోడి నుంచి కోడికి నేరుగా రావు. చీమలు, పేడ పురుగులు, ఈగలు వాటి గుడ్లు తింటాయి, ఆ చీమనో పురుగునో కోడి తింటుంది. అందుకే గూడు ఎంత శుభ్రంగా ఉన్నా పక్కనే పెంటకుప్ప ఉంటే బద్దె పురుగు వదలదు.

మూడోది రక్త పారుడు. ఇది అసలు పురుగే కాదు, కంటికి కనిపించని సూక్ష్మజీవి. సాధారణంగా మూడు నుంచి ఆరు వారాల పిల్లల మీద పడుతుంది. రెట్టతో బయటికొచ్చిన దాని గుడ్డు, తడి నేల మీద ఒకటి రెండు రోజుల్లోనే అంటించే దశకి వస్తుంది. ఫినాయిల్ చల్లితే చావదు. నట్టల మందుకీ చావదు, ఎందుకంటే అది నట్ట కాదు. ఈ ఒక్క విషయం తెలియక ఎంతమంది నట్టల మందు తాగించి, పని చెయ్యలేదని మందుల్నే తిడుతున్నారో లెక్క లేదు.

ఇప్పుడు ఆ రోజుల లెక్క పక్కపక్కన పెట్టి చూడండి. రక్త పారుడు గుడ్డుకి ఒకటి రెండు రోజులు కావాలి. ఏలిక పాము గుడ్డుకి రెండు వారాలు కావాలి. అంటే రెట్ట రోజూ ఎత్తేస్తే రక్త పారుడుకి టైము చాలదు. కింద పరిచిన ఊక తడిసినప్పుడల్లా, తడవకపోయినా వారానికి ఒకసారి మార్చేస్తే ఏలిక పాముకి టైము చాలదు. ఇంతకన్నా చవకైన మందు ఏ కొట్లో దొరుకుతుంది చెప్పండి? చీపురు, చేట, పొద్దున పది నిమిషాలు.

పూర్తిగా ఒక్క గుడ్డు కూడా లేకుండా చెయ్యలేం, చెయ్యక్కర్లేదు కూడా. పొడి నేల మీద కొద్దికొద్దిగా తగిలితే పిల్లకి తట్టుకునే శక్తి వస్తుంది. ముసురులో తడి ఊక మీద ఒకేసారి వేలకు వేలు మింగితేనే మనిషి చెయ్యి దాటిపోతుంది. వదినె ఇంట్లో జరిగింది అదే. ఆ వారం ఊక ఎవరూ మార్చలేదు. ఉండలు మాత్రం రోజూ వేశారు, నా మాట మీద.

మా పెరట్లో ఇప్పుడు చేస్తున్నవి

గూడు నేల నుంచి రెండడుగులు ఎత్తులో కట్టా. కింద వెదురు బద్దలు, మధ్యలో వేలు పట్టేంత సందు. రెట్ట కిందికి పడుతుంది, కోడి దాని మీద నిలబడదు. పొద్దున్నే ఎత్తి కుప్పలో వేస్తాం. ఆ కుప్ప కోళ్లు పోలేని చోట, కంప కొట్టి ఉంచా. మాగిన తర్వాత చేనుకి బంగారం.

నీళ్ల పళ్లెం రెండు ఇటుకల మీద పెట్టా. కోడి కాలు నీళ్లలో పెట్టకూడదు, పళ్లెం చుట్టూ బురద కాకూడదు. మేత నేల మీద చల్లడం మానేశా, తొట్టిలోనే. మొదట్లో మా ఇంటామె "నేల మీద గింజ ఏరుకుని తినని కోడేం కోడి" అంది. చల్లుకోవాలంటే ఎండ తగిలే పొడి చోట చల్లు అన్నా.

పిల్లల్ని పెద్ద కోళ్లతో కలపకుండా రెండు నెలలు వేరే పెడుతున్నాం. తల్లి ఒక్కటే ఉంటుంది. పెద్ద కోడి పైకి బాగానే కనిపిస్తుంది, దాని రెట్టలో మాత్రం పిల్లల్ని చంపేవి ఉంటాయి.

పెరడుని వలతో రెండు ముక్కలు చేశా. మూడు నెలలు ఒక ముక్కలో కోళ్లు, రెండో ముక్క దున్ని ఆకుకూర చల్లుతాం. ఎండ తగలాలి, మట్టి తిరగబడాలి. వానాకాలం వచ్చేసరికి విశ్రాంతి తీసుకున్న ముక్కలోకే పిల్లలు పోతాయి. స్థలం తక్కువ ఉన్నవాళ్లు కోళ్ల సంఖ్య తగ్గించుకోండి. పది సెంట్లలో యాభై కోళ్లని ఏ ఆకూ కాపాడదు.

మేత సంగతి. తిండి చాలని కోడినే పురుగు ముందు పట్టుకుంటుంది. నూకలు, తవుడు ఒక్కటే పెడితే చాలదు. మునగాకు, తోటకూర, అజోల్లా, దొరికితే చెదలు. పిల్లకి మొదటి రెండు నెలలు బలమైన మేత పెట్టినవాడు సగం మందు పెట్టినట్టే.

ఇక ఉండల మాట. గుమ్మడి గింజలు, వెల్లుల్లి, వేపాకు మూడు నెలలు వరసగా పెట్టి, నెల నెలా రెట్ట అగ్గిపెట్టెలో వేసుకుని ఆసుపత్రిలో భూతద్దం కింద చూపించా. కోళ్లు గింజలు ఇష్టంగానే తిన్నాయి. రెట్టలో పురుగు గుడ్లు మాత్రం పోలేదు. ఆ తర్వాత డాక్టరు గారు రాసిన నట్టల మందు తాగించి, మళ్లీ చూపిస్తే పోయాయి. గుమ్మడి గింజలు పెట్టొద్దని అనను, మంచి మేత. మేతగా పెట్టండి, మందు అని నమ్మకండి. నేను అప్పట్లో "మా కోళ్లకి ఉండలతోనే పురుగు పోయింది" అని రాశానే, అప్పుడు నేను రెట్ట పరీక్ష చేయించలేదు. ఎండాకాలంలో వేశా, నేల పొడిగా ఉంది, కోళ్లు బాగున్నాయి. ఘనత ఎండది. పేరు వేపాకుది.

ఒంటి మీద పురుగులు: ఇక్కడ ఆకుకి విలువ ఉంది

పేలు కోడి ఒంటి మీదే పుట్టి ఒంటి మీదే చస్తాయి. రెట్ట వేసే చోట ఈకలు విడదీసి చూడండి, ఈక మొదట్లో తెల్లగా గుడ్లు గుత్తులుగా అంటుకుని ఉంటాయి. దీనికి మొదటి వైద్యం కోడే చేసుకుంటుంది, మనం చోటు ఇస్తే చాలు. వాన తగలని మూల రెండడుగుల గుంట తియ్యండి. రెండు పాళ్లు పొడి మట్టి లేక ఇసుక, ఒక పాలు జల్లించి చల్లారిన కట్టెల బూడిద, రెండు గుప్పెళ్లు ఎండు వేపాకు పొడి. గ్యాస్ ఉన్నవాళ్లు నీళ్లు కాచే కట్టెల పొయ్యి ఉన్న ఇంట అడిగి తెచ్చుకోండి. ప్లాస్టిక్ కాల్చిన బూడిద వద్దు. తడి బూడిద వద్దు, చర్మం మండుతుంది. పేలు ఎక్కువ ఉన్న కోడికి మీరే రెక్కల కింద, తోక కింద రుద్ది, వారం పది రోజులకి మళ్లీ రుద్దండి. ఎందుకంటే మొదటిసారి చావని గుడ్లు అప్పటికి పిల్లలవుతాయి.

పొదిగే పెట్టని మర్చిపోవద్దు. 21 రోజులు అది సరిగ్గా పొర్లదు. పేలన్నీ దాని మీద పెరిగి, పుట్టిన రోజే పిల్లల తల మీదికి ఎక్కుతాయి. పొదగేసే ముందే పెట్టని శుభ్రం చెయ్యండి. బుట్టలో కొత్త గడ్డి, వేపాకు వెయ్యండి.

పగలు కనిపించనివి ఇంకో రెండున్నాయి. కోడి నల్లి, కోడి పిడుదు. రాత్రి వచ్చి నెత్తురు తాగి, తెల్లారేసరికి కర్ర నెర్రెల్లో, గోడ పగుళ్లలో దాక్కుంటాయి. పగలు కోడిని ఎంత వెతికినా దొరకవు. కోళ్లు సాయంత్రం గూట్లోకి పోవడానికి మొరాయిస్తున్నా, పెట్ట పొదుగు వదిలేసి లేచిపోతున్నా, జుట్టు పాలిపోతున్నా రాత్రి పది గంటలకి టార్చి పట్టుకుని పోండి. కోళ్లు కూర్చునే కర్ర కింద తెల్ల గుడ్డతో తుడిచి చూడండి, నెత్తురు మరకలు పడితే నల్లి ఉన్నట్టే. ఇవి తిండి లేకుండా నెలల తరబడి బతుకుతాయి. పిడుదు అయితే ఏళ్ల పాటు ఉంటుంది. కాబట్టి గూడు నాలుగు రోజులు ఖాళీ పెడితే పోతాయనుకోవద్దు. దీనికి వైద్యం చెయ్యాల్సింది కోడికి కాదు, గూటికి. కర్రలు ఊడదీసి మరిగే నీళ్లు పోసి ఎండలో పడెయ్యండి. పగుళ్లు మట్టితో పూడ్చి సున్నం కొట్టండి. లీటరు నీళ్లకి 20 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు నురగ కలిపి నెర్రెల్లోకి కొట్టండి. వారం వారం మూడుసార్లు చెయ్యండి. మా గూట్లో నల్లి ఇలాగే పోయింది. వేప గొప్పతనం ఇక్కడ చూశా.

కాళ్ల పొలుసులు లేచి గరుకుగా అయితే అది పొలుసు కింద దూరిన పురుగు. గోరువెచ్చని సబ్బు నీళ్లలో కాళ్లు నానబెట్టి, మెత్తగా రుద్ది, కొబ్బరి నూనె గానీ వేపనూనె గానీ దట్టంగా పట్టించండి. రెండు మూడు రోజులకోసారి, కొన్ని వారాల పాటు. నూనెకి గాలాడక పురుగు చస్తుంది. పొలుసులు బలవంతంగా పీకొద్దు.

ఇవి మాత్రం చెయ్యొద్దు

పత్తికి, మిరపకి కొట్టే మందులు కోడికి పెట్టొద్దు. బకెట్లో కలిపి కోడిని ముంచి తీసేవాళ్లని మా ఊళ్లోనే చూశా. పేలు పోతాయి, నిజమే. కోడి ఆ ఈకల్నే ముక్కుతో సవరించుకుంటుంది. మర్నాడు ఆ కోడి పెట్టిన గుడ్డు మన మనవరాలి పళ్లెంలోకి వస్తుంది. చేలో మందు కొట్టినవాడివి ముక్కుకి గుడ్డ కట్టుకుంటావే, గుడ్డు దగ్గర ఆ జాగ్రత్త ఏమైంది?

పొగాకు కషాయం వద్దు. ఆకు కదా, సహజమే కదా అంటారు. పొగాకులో ఉండేది విషం, చర్మం గుండా కూడా ఎక్కుతుంది. సీతాఫలం గింజల పొడి పేనుకి పని చేస్తుంది గానీ కంట్లో పడితే చూపు పోయేంత ప్రమాదం, కోడికైనా మనకైనా. కాళ్లకి కిరసనాయిలు పూస్తే చర్మం కాలుతుంది. సహజం అన్న పేరుంటే చాలు మంచిదనుకోవడం మన పొరపాటు. గన్నేరు కూడా సహజమే.

మందు ఎప్పుడు?

పిల్లలు ముడుచుకుని, రెట్టలో నెత్తురు చుక్క కనిపించిందంటే ఆ పూటే కదలాలి. రేపు అనొద్దు. తాజా రెట్టో, చచ్చిన పిల్లో తీసుకుని పశువుల ఆసుపత్రికి పోండి. రక్త పారుడుకి ఆంప్రోలియం అనే పొడి నీళ్లలో కలిపి ఇస్తారు. చెప్పినన్ని రోజులు ఆపకుండా ఇవ్వాలి. ఇంకో సంగతి, ఆ మందు ఇచ్చే రోజుల్లో బలానికని బి-కాంప్లెక్స్ టానిక్ కలపొద్దు. ఆ మందు పని చేసేదే బి1 విటమిన్‌ని ఆ క్రిమికి అందకుండా చేసి. మనం బి1 పోస్తే క్రిమికి అన్నం పెట్టినట్టే. టానిక్ మందు అయిపోయాక ఇవ్వండి.

నట్టల మందు కూడా అన్నింటికీ ఒకటే కాదు. పైపరజిన్ ఏలిక పాములకే, బద్దె పురుగులకి పని చెయ్యదు. ఏ పురుగో చూపించి మందు అడగండి. డబ్బా మీద రాసిన మోతాదే వాడండి, ఎన్ని రోజులు గుడ్లు తినకూడదో అడిగి తెలుసుకోండి. వానలకి ముందు ఒకసారి, వానలు పోయాక ఒకసారి రెట్ట పరీక్ష చేయించి, ఉంటేనే వెయ్యండి. ఊరికే నెల నెలా పోస్తే పురుగు ఆ మందుకి అలవాటు పడుతుంది.

కొక్కెర రోగం వేరే సంగతి. ఆకుపచ్చ రెట్ట, మెడ తిరిగిపోవడం చూసి పురుగనుకోవద్దు. దానికి ఆకూ లేదు, మందూ లేదు, ముందే వేయించే టీకా ఒక్కటే. రెండో నెలలో టీకా వేయించే ముందు వారం నట్టల మందు వేస్తే టీకా బాగా పడుతుందని డాక్టర్లు చెప్తారు.

చివరగా, మగాళ్లకి ఒక మాట

గేదెకి జబ్బు చేస్తే మనం ఆకు నూరుకుంటూ నాలుగు రోజులు కూర్చుంటామా? 1962కి ఫోన్ చేస్తాం, అర్ధరాత్రయినా డాక్టరు ఇంటి ముందు నిలబడతాం. మరి కోడికి ఎందుకు "ఏదో ఆకు వెయ్యవే" అంటాం? నేను చాలా ఆలోచించా. ఆకు మీద నమ్మకం కన్నా ఇందులో చులకన ఎక్కువ. కోడి ఆడవాళ్ల సొమ్ము. గేదె పాల డబ్బు, మిరప డబ్బు మన జేబులోకి వస్తాయి. గుడ్ల డబ్బు ఆమె కొంగుముడిలోకి పోతుంది. పిల్ల పుస్తకాలు, పండక్కి జాకెట్టు ముక్క, డాక్రా వాయిదా దాంట్లోంచే. ఆ సొమ్ము కోసం ఆసుపత్రి దాకా బండి తియ్యడం మనకి నామోషీ. సంచిలో కోడిపిల్లని వేసుకుని ఆసుపత్రి వరండాలో కూర్చున్న రోజు గేదెల్ని తెచ్చినవాళ్లు నన్ను చూసి నవ్వారు. అప్పుడు సిగ్గేసింది నాకు, కోడిపిల్లని తెచ్చినందుకు కాదు, నాలుగు రోజులు ఆలస్యంగా తెచ్చినందుకు.

పోయిన నెల మా పెట్ట ఒకదాన్ని, దాని 11 పిల్లల్ని వదినె గంప కింద పెట్టి వచ్చా. వద్దంది, తర్వాత ఉంచుకుంది. దాంతో లెక్క సరిపోయిందని నేననుకోవడం లేదు. వాళ్ల గూడు మాత్రం నేనూ వాళ్లబ్బాయీ కలిసి ఎత్తు చేసి కట్టాం.

పాత పోస్టు తీసెయ్యలేదు. తీసేస్తే నేను తప్పు రాయలేదన్నట్టు అవుతుంది. దాని పైన "ఇది తప్పు, కొత్తది చదవండి" అని రాసి ఈ పోస్టు జతచేశా. ఆ పాతది మీరు ఎవరికైనా పంపి ఉంటే, దయచేసి ఇది కూడా వాళ్లకే పంపండి. నేను మిమ్మల్ని అడిగేది ఆ ఒక్క సాయమే.

మీ పెరట్లో మీరు చేస్తున్నవి, పని చేసినవీ చెయ్యనివీ కింద రాయండి. చెయ్యనివి ముఖ్యంగా రాయండి. పని చేసినవి అందరూ చెప్తారు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అని మన పెద్దలు ఊరికే అనలేదు. ముసురు పట్టకముందే ఊక మార్చండి.

ఉంటాను. మిరపకి నీళ్లు పెట్టాలి, కరెంటు వచ్చే టైమయింది.